గొడుగాయనా, దిగువ గుమ్మమూ

గొడుగాయనంటే నాకు ఇరవై ఆరేళ్ళుగా ఒళ్ళుమంట. ఇందులో దాపరికమేమీ లేదు. కోట మీద పనిచేసే ప్రతి ఒక్కరికీ తెలుసు, ఆయనకీ తెలుసు. ఆయన మెట్లు దిగి వస్తుంటే నేను నా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటాను. ఆయన గుంపు వెళ్ళిపోయాక బయటికొచ్చి, ఆయన నిలబడ్డ చోట ఒక బకెట్టు నీళ్ళు కొడతాను. అక్కడ రాయి శుభ్రంగానే ఉంటుంది. అయినా కొడతాను.

ఆయన పని విదేశాల నుంచి వచ్చేవాళ్ళకి రాజమహళ్ళూ కోటా చూపించడం. పొద్దున ఎనిమిదింటికి బస్సు. ఒక్క రోజులో రెండు మహళ్ళు, ఒక కోట. సాయంత్రం ఆరింటికి ఎక్కించుకున్న హోటల్ దగ్గరే దింపెయ్యడం. చేతిలో నల్ల గొడుగు, దాని కొనకి ఎర్ర రిబ్బను. ఎండైనా వానైనా ఆ గొడుగు తెరుచుకోగా ఎవరూ చూడలేదు. పైకి లేస్తుంది, జనం దాని వెనకాల నడుస్తారు, అంతే.

నా పని కోట దిగువ గుమ్మానికి తాళాలు తీయడం, వేయడం. పై నుంచి నూట నలభై మెట్లు దిగితే వస్తుంది మా గుమ్మం. దాని పక్కన చిన్న గది, గదిలో కూర్చోడానికి మా నాన్న కట్టిన ఇటుకల అరుగు. నాకు ముందు మా నాన్న, ఆయనకి ముందు వాళ్ళ నాన్న, అలా ఎనిమిది తరాలుగా ఈ పని మాదే. ఊళ్ళో మమ్మల్ని 'తాళాలవాళ్ళు' అంటారు. అదే ఇంటిపేరైపోయింది. మా ఇంట్లో ఇంటిపేరు తాళాలతో పాటు వస్తుంది. మా ఆయన బస్సుల మెకానిక్కు, ఆయన ఇంటిపేరు వేరు. మా అమ్మాయికి మాత్రం బడి రిజిస్టర్లో నాదే రాయించాం.

గుత్తికి ఐదు ఇత్తడి తాళంచెవులు, ఒక్కోటీ జానెడు పొడుగు. పట్టుకుని నడిస్తే వీధి వీధంతా మోగుతాయి. అందుకని మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. తెల్లవారుతూనే బయల్దేరేముందు గుత్తిని తడిగుడ్డలో బిగించి చుడతాం. పొడిగుడ్డయితే జారిపోయి లోపల తాళంచెవులు ఆడతాయి. తడిగుడ్డ అతుక్కుపోతుంది, ఇక కిక్కురుమనవు. పిల్లలు నిద్ర లేవకూడదని ఇలా చుట్టేవాడు మా నాన్న. ఆ పిల్లల్లో నేనొకదాన్ని. ఇప్పుడు మా అమ్మాయి కోసం నేను చుడుతున్నాను. గుమ్మం దగ్గర విప్పి గుడ్డ తీగ మీద ఆరేస్తాను. చూసినవాళ్ళు గుమ్మం తుడిచే గుడ్డ అనుకుంటారు. వాళ్ళకి చెప్పాల్సిన పని నాకేముంది?

గొడుగాయనతో నాకు పేచీ ఎక్కడంటే, మా గుమ్మం దగ్గర ఆయన చెప్పే కథ. మా వంశంలో ఒకడు శత్రువులకి ఈ గుమ్మం తాళం తీసి కోటని అప్పజెప్పాడట. అందుకని ఇది 'ద్రోహి గుమ్మం' అట. నాకు తెలిసింది అంతవరకే. పూర్తిగా ఎప్పుడూ వినలేదు. సింహాసనం దగ్గర గొంతు చించుకునే మనిషి, మా గుమ్మం దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గిస్తాడు. జనం ముందుకి జరిగి మీద పడి వినాలని ఆయన ఎత్తు. మూసిన తలుపులోంచి నాకు 'ద్రోహి' అన్న మాట ఒక్కటే వినిపించేది. అది చాలదూ?

అసలు ఈ కోట మీద యుద్ధమే జరగలేదని మా నాయనమ్మ చెప్పేది. రాజు ఏదో కాగితం మీద సంతకం పెట్టి, పెట్టేబేడా సర్దుకుని, పెద్ద గుమ్మంలోంచి దర్జాగా నడిచి వెళ్ళాడట. పోయినవాడు పోయాడు. మా వాళ్ళు ఆ సాయంత్రం కూడా వేళకి తాళం వేశారట.

ఇన్నేళ్ళూ పళ్ళు కొరుక్కుంటూ ఊరుకున్నాను. కిందటి నెల మా అమ్మాయి బడిపిల్లల్ని కోట చూడ్డానికి తీసుకొచ్చారు. గొడుగాయనే తిప్పాడు. ఆయన 'తాళాలవాళ్ళు' అన్నాడట, క్లాసు క్లాసంతా తిరిగి మా అమ్మాయి మొహం చూసిందట. ఆ రోజు నుంచి అది నా గుమ్మం దారిన రావడం మానేసి, అరగంట చుట్టు తిరిగి బజారు దారిన ఇంటికొస్తోంది. "అమ్మా, రిజిస్టర్లో ఇంటిపేరు తీసేయించు, నాన్నది పెట్టించు" అంది ఒకరోజు, అన్నం కలుపుతూ, నా వైపు చూడకుండా. కంచం ముందు నుంచి లేచిపోయింది నేను.

అది చాలదన్నట్టు రాతి పలక ఒకటి. కోట ఆఫీసరు శిల్పి చేత చెక్కిస్తున్నాడు. 'ద్రోహి గుమ్మం' అని పైన, కింద నాలుగు ముక్కల్లో కథ, అందులో మా ఇంటిపేరు. సోమవారం నిలబెడతారట. వెళ్ళి ఆయన బల్ల ముందు నిలబడ్డాను.

"దీనికి ఆధారం ఏముందండీ?" అన్నాను.

"ఆయన ఇరవై ఆరేళ్ళుగా చెప్తున్నాడమ్మా. అంతకంటే ఏం కావాలి?"

"కల్పించి చెప్తుంటేనో?"

"కల్పించానని ఆయన్నే రాసిమ్మను. చెక్కడం ఆపేస్తాను."

మూడుసార్లు అడిగాను గొడుగాయన్ని. మొదటిసారి వినబడనట్టు వెళ్ళిపోయాడు. రెండోసారి "నీకెందుకు అమ్మాయ్ ఈ గొడవ" అన్నాడు. మూడోసారి, అదీ టికెట్ల కిటికీ దగ్గర పదిమంది ముందు, "నేను నీ పేరెత్తానా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటావేం?" అన్నాడు. ఆ పదిమందీ నవ్వారు.

అప్పుడు నిశ్చయించుకున్నాను. ఈయన తప్పించుకోలేని చోట పట్టుకోవాలి. బస్సు ఎక్కితే ఎక్కడికి పోతాడు? గురువారం నాకు సెలవు. పొద్దున్నే వెళ్ళి గుమ్మం తీసి, ఊడ్చే ఆవిణ్ణి కాపలా కూర్చోబెట్టాను. తాళాలు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వను. అలవాటు కొద్దీ మళ్ళీ గుడ్డ తడిపి, చుట్టి, చేతిసంచిలో వేసుకున్నాను. హోటల్ దగ్గరికి నడిచి వెళ్ళి, విదేశీయులతో పాటు నేనూ టికెట్టు కొనుక్కుని బస్సెక్కాను. రేపు అడుగుదాం ఎల్లుండి అడుగుదాం అంటే సోమవారం వచ్చేస్తుంది. సాయంత్రం మా గుమ్మం దగ్గర, ఆ జనమందరి ముందూ అడగాలి. ఏమని అడగాలో మాటలు కూడా కూర్చుకున్నాను.

ఆయన గొడుగు కొనతో తలలు లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. ముప్ఫై ఏడు, ముప్ఫై ఎనిమిది అంటూ వెనక సీటు దగ్గరకొచ్చేసరికి గొడుగు ఆగింది.

"ఎందుకొచ్చావ్?"

"చూడ్డానికి. లోకమంతటికీ చూపిస్తున్నారుగా, నేనూ చూద్దామని."

"టికెట్టుందా?"

చూపించాను. అటూ ఇటూ తిప్పి చూశాడు, దొంగనోటు చూసినట్టు. "ముప్ఫై తొమ్మిది," అని డ్రైవర్ వైపు తిరిగి, "పోనీ" అన్నాడు.

మొదటిది వేసవి మహలు. పుట్టి బుద్ధెరిగాక నేను అందులో అడుగు పెట్టలేదు. అంత పెద్ద గచ్చు మీద చెప్పుల చప్పుడు వింటుంటే, దీన్ని తుడిచేవాళ్ళ నడుములు ఏమవుతాయో అనిపించింది. గొడుగాయన వాళ్ళ భాషలో చెప్పుకుపోతున్నాడు. వినీ వినీ నాకూ ఆ భాష అర్థమవుతుంది. ఆయన చెప్పడమంటే ఏదో సేవ చేస్తున్నట్టు ఉండదు, అప్పు వసూలు చేస్తున్నట్టు ఉంటుంది. గడ్డి టోపీ పెట్టుకున్న ఒకావిడ రాజుగారి మంచం చూసి "ఇంత చిన్నదా?" అంది.

"రాజు పొట్టివాడు. కిరీటం తీస్తే మీ భుజానికొస్తాడు. గోడకి ఆనుకోకండి."

"ఈ బొమ్మలో ఎత్తుగా ఉన్నాడే?"

"బొమ్మ గీసినవాడికి ప్రాణం మీద తీపి ఉండదా అమ్మా?"

ఒకతను ప్రతి గదిలోనూ బాత్రూమ్ ఎక్కడని అడుగుతున్నాడు. "రాజు కాలంలో లేదు, ఇప్పుడూ లేదు, బస్సు దగ్గరుంది" అని ప్రతిసారీ అదే జవాబు, అదే గొంతు. ఇంకొకావిడ, రిటైరైన టీచరట, మెళ్ళో కళ్ళజోడు తాడు, చేతిలో నోటుబుక్కు. ఆయన నోట్లోంచి వచ్చిన ప్రతి మాటా రాసుకుంటోంది. "ఎన్నో సంవత్సరం? ఏ నెల?" అని పీక మీద కూర్చుంటోంది. ఆవిడంటే నాకు గౌరవం కలిగింది.

ఒకటి ఒప్పుకోవాలి. ఆయనకి పని వచ్చు. ఏ మెట్టు విరిగిందో, ఏ కిటికీ దగ్గర ఎండ ఎన్నింటికి పడుతుందో, ఏ గదిలో ముసలివాళ్ళకి కళ్ళు తిరుగుతాయో అన్నీ తెలుసు. అలాంటి చోట ముందుగానే కుర్చీ లాగి పెట్టి, "కూర్చోండి, పడితే ఎత్తే ఓపిక నాకు లేదు" అంటాడు.

ఆయన సంగతులు నాకన్నీ తెలుసు. శత్రువుని చూసినంత శ్రద్ధగా చుట్టాన్ని చూడం కదా. తండ్రి దర్జీ. ఈయన చరిత్ర చదవాలని కాలేజీలో చేరి రెండేళ్ళకి మానేశాడు. టీచరు కావాలనుకున్నాడట. పెళ్ళి లేదు. సైకిల్ షాపు మీద ఒక గది, అందులో ఈయనా, చెవులు వినిపించని అక్కగారూ. పగలంతా గొంతు అరిగేలా వాగి, ఇంటికెళ్తే వినేవాళ్ళు లేరు. బాగా అయింది అనుకునేదాన్ని. గొంతు కోసం లవంగాలు నములుతాడు, చల్లనీళ్ళు ముట్టడు. మోకాళ్ళు అరిగిపోయి మెట్లు పక్కకి తిరిగి ఎక్కుతాడు, ఎండ్రకాయలాగా. ఆ రోజు రెండో మహల్లో, అద్దాల మేడ మెట్లెక్కుతుంటే వెనక నుంచి చూశాను. ప్రతి మెట్టుకీ గొడుగు మీద ఒరుగుతున్నాడు. అయ్యో అనిపించబోయింది. మా అమ్మాయి మొహం గుర్తు తెచ్చుకున్నాను.

అద్దాల మేడలో గడ్డి టోపీ ఆవిడ, ఎన్ని అద్దాలున్నాయని అడిగింది. "ఎన్నున్నా అందులో మీరే కనబడతారు" అన్నాడు. ఆవిడకి కోపమొచ్చి బస్సు కంపెనీకి రాస్తానంది. "రాయండి, స్పెల్లింగు నేను చూసిపెడతాను" అన్నాడు. మధ్యాహ్నానికి సగం బస్సు ఆయన మీద కత్తులు నూరుతోంది. నాకు బలం పెరిగినట్టయింది.

మేడ వెనక తోటలో అందరికీ భోజనం పొట్లాలు ఇచ్చారు. ఆయన దూరంగా ప్రహరీ మీద కూర్చుని డబ్బా విప్పుకున్నాడు. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"నాలుగోసారి అడుగుతున్నాను. కల్పించానని రాసివ్వండి."

"తిననీ."

"మా అమ్మాయి ఇంటిపేరు మార్చుకుంటానంటోంది. పదమూడేళ్ళ పిల్ల. అది చేసిన ద్రోహమేంటి?"

నములుతున్నవాడు ఆగాడు. "నువ్వు సాయంత్రం కోట దగ్గరికి రాకు. ఇక్కడి నుంచి ఆటో ఎక్కి ఇంటికి పో. నా మాట విను."

"ఎందుకూ? నా ముందు చెప్పడానికి నోరు రాదా?"

"రాదు" అన్నాడు.

ఆ జవాబు నేననుకున్నది కాదు. అయినా దొరికాడు దొంగ అనుకున్నాను. "అయితే తప్పకుండా వస్తాను," అని వచ్చేశాను.

నాలుగున్నరకి కోట చేరాం. పై బురుజులూ, ఫిరంగులూ, ధాన్యం కొట్లూ చూపించాడు. ఆయన గొంతు బొంగురుపోయింది. తర్వాత నూట నలభై మెట్లూ దిగాం. దిగుతుంటే ముందు ఆయన, చివర నేను. గుమ్మం దగ్గర ఊడ్చే ఆవిడ నన్ను చూసి, ఏమిటి ఈ విడ్డూరం అన్నట్టు చీపురు పట్టుకుని లేచి నిలబడింది.

ఆయన గొడుగెత్తి, "ఇది దిగువ గుమ్మం. ఇత్తడి తాళాలు. పదండి, బస్సుకి టైమవుతోంది" అన్నాడు.

గుంపు కదల్లేదు. "ద్రోహి కథ ఏది?" అన్నాడు బాత్రూమాయన. "కాగితంలో అచ్చేశారుగా," అని గడ్డి టోపీ ఆవిడ కరపత్రం ఊపింది. "నూట నలభై మెట్లు దిగింది తలుపు చూడ్డానికా?" నోటుబుక్కావిడ పెన్ను మూత తీసి సిద్ధంగా ఉంది.

ఆయన నా వైపు చూశాడు. వాళ్ళకి అర్థం కాకుండా మన భాషలో, "గదిలోకి వెళ్ళి తలుపేసుకో" అన్నాడు.

"వేసుకోను. చెప్పండి."

ఇక చెప్పాడు. గొంతు తగ్గించి, ఎప్పటిలాగే. జనం ముందుకి జరిగారు, నేనూ జరిగాను. నాలుగు నెలలుగా శత్రువులు కోట చుట్టూ కాచుకుని ఉన్నారట. లోపల గింజల్లేవు. తాళాలవాడు మెల్లకన్నువాడు. వాడికి శత్రువులు చెంబుడు బంగారు నాణేలు పంపారట. తెల్లవారకముందే వాడు లేచాడు. ఇంత వరకూ నాకు నవ్వొచ్చింది. మా ఇంట్లో చెంబు కూడా ఇత్తడిదే.

"తాళాల గుత్తి మోగితే కాపలావాళ్ళు లేస్తారు. అందుకని వాడేం చేశాడు? గుత్తిని గుడ్డలో చుట్టాడు. పొడిగుడ్డ కాదు. పొడిగుడ్డ జారుతుంది, లోపల తాళంచెవులు ఆడతాయి. గుడ్డని తడిపి, పిండి, బిగించి చుట్టాడు. అప్పుడు అవి కిక్కురుమనలేదు. ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ ఈ గుమ్మం దగ్గరికొచ్చాడు..."

తర్వాత ఏం చెప్పాడో నేను వినలేదు. నా భుజానికున్న సంచి కిందికి లాగుతోంది. అడగాలని కూర్చుకున్న మాటలన్నీ ఎక్కడికి పోయాయో పోయాయి. సంచిలోంచి గుత్తి బయటికి తీశాను. గుడ్డ ఇంకా తడిగానే ఉంది.

"ఈ తడిగుడ్డ మాట మీకెవరు చెప్పారు?" అన్నాను.

ఆయన గొడుగు కిందికి దించాడు. విదేశీయులు మాత్రం నా చేతిలో తడిగుడ్డ చుట్టిన గుత్తి చూసి "ఓ" అన్నారు. నేను కూడా ఆటలో భాగమే అనుకున్నారు. ఫోన్లెత్తి ఫొటోలు తీశారు. తర్వాత, ఎవరు మొదలుపెట్టారో, చప్పట్లు కొట్టారు. నా గుమ్మంలో, నా చేతిలో నా తాళాలు చూసి, ముప్ఫై ఎనిమిది మంది చప్పట్లు.

ఆయన గొడుగుతో వాళ్ళని పైకి తోలాడు. "పది నిమిషాలు పైన ఫొటోలు తీసుకోండి. బాత్రూమ్ పైనే ఉంది" అన్నాడు. దాంతో బాత్రూమాయన అందరికంటే ముందు పరిగెత్తాడు. నేను గదిలోకి వెళ్ళి అరుగు మీద కూలబడ్డాను. ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మా నాన్నేనా?" అన్నాను.

"మీ నాన్నే."

"అబద్ధం."

"నువ్వు కూర్చున్న అరుగు ఏ ఇటుకలతో కట్టాడో తెలుసా?"

తెలుసు. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు ఒకరోజు గుమ్మం పక్కన కొత్త ఇటుకలు రాశిగా పోసి ఉన్నాయి. ఏదో మరమ్మతు అన్నాడు నాన్న. తర్వాత మరమ్మతు జరగలేదు, మిగిలిన ఇటుకలతో అరుగు కట్టాడు.

"ఈ గుమ్మం మూసెయ్యడానికి తెచ్చిన ఇటుకలవి" అన్నాడాయన. "కింద చూడ్డానికేమీ లేదు, ఒక్క గుంపూ దిగదు, మనిషెందుకు దండగ, గోడ కట్టెయ్యమన్నారు. మీ నాన్న నా దగ్గరికొచ్చి, కింద ఏదో ఒకటి ఉందని చెప్పండి బాబూ అన్నాడు. ఏముందయ్యా అన్నాను. మా వాళ్ళలో ఒకడు ద్రోహం చేశాడని చెప్పండి అన్నాడు. మంచివాడి గుమ్మం చూడ్డానికి నూట నలభై మెట్లు ఎవరూ దిగరు, దొంగ గుమ్మమంటే దిగుతారన్నాడు."

"మా నాన్న అంత మాటన్నాడా?"

"అన్నాడు. వట్టి అబద్ధం నిలబడదు, ఇంట్లో నిజం ఒకటి కలపాలని తడిగుడ్డ కూడా ఆయనే ఇచ్చాడు. తర్వాత వారమే గుంపులు దిగడం మొదలైంది. గోడ ఆగింది. నా తర్వాత తాళాలు అమ్మాయికి దక్కితే చాలన్నాడు."

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక నేనెంత? ఆ అరుగు మీద కూర్చునే ఇన్నేళ్ళూ ఈయన్ని తిట్టాను. ఆ మాటకొస్తే ఈయన్ని ఎక్కువ తిట్టింది మా నాన్నే. "ఆ గొడుగువాడి మొహం చూడకే, వాడొస్తే తలుపేసుకో" అని నాకు నేర్పింది కూడా ఆయనే. ఇప్పుడు అర్థమైంది ఎందుకు నేర్పాడో. చచ్చిపోయి ఆరేళ్ళయింది, లేకపోతే ఆ రోజు ఇంటికెళ్ళి చొక్కా పట్టుకుని ఉండేదాన్ని.

కోపం ఎక్కడో ఒకచోట దింపుకోవాలిగా. "మరి బంగారు నాణేలూ మా నాన్నే ఇచ్చాడా?" అన్నాను.

"అది నాది."

"మెల్లకన్ను?"

"అది మీ నాన్న మొహం చూసి పెట్టాను. ఆయన నవ్వాడు."

"నేను నవ్వను. ఇన్నేళ్ళు నా చేత తిట్లు తిని, బకెట్లు బకెట్లు నీళ్ళు కొట్టించుకుని, నోరెత్తలేదేం?"

"ఒట్టు వేయించుకున్నాడు, అమ్మాయికి తెలియకూడదని. నువ్వెలాగూ తలుపేసుకుంటున్నావు, నాకూ చెప్పుకోడానికి మంచి కథ ఉంది. కల్పించానని రాసిస్తే, ఎవరు కల్పించారని ఆఫీసరు అడగడా?"

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టండి. పదమూడేళ్ళ పిల్ల కంటే గొప్పదా మీ ఒట్టు? క్లాసంతా నా బిడ్డని తిరిగి చూస్తుంటే, అప్పుడైనా ఆపాలనిపించలేదా మీకు?"

ఆయన జేబులోంచి లవంగం తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "ఆ పిల్ల నీ కూతురని నాకు తెలీదు. తిరిగి చూశాకే తెలిసింది" అన్నాడు. అది నిజమే కావచ్చు. అయితే మాత్రం?

"రాయండి" అన్నాను.

"ఆలోచించుకో. కథ పోతే గుంపులు దిగవు. గుంపులు దిగకపోతే మళ్ళీ ఇటుకలొస్తాయి. అప్పుడు నీ తాళాలు ఏ గుమ్మానికి వేసుకుంటావు?"

ఆలోచించాను. ఎక్కువసేపేం కాదు. నా చేతిలో ఉన్న ఆ గుత్తి మా అమ్మాయికి ఇవ్వాలని నేనూ అనుకున్నదాన్నే. మా నాన్న నాకు తాళాలిచ్చి పేరు తీసుకున్నాడు. నేను నా కూతురికి రెండూ ఇవ్వలేను. ఏదో ఒకటే.

"రాయండి. మా నాన్న ఎంత కల్పించాడో, మీరెంత కలిపారో రెండూ రాయండి. తిలాపాపం తలా పిడికెడు."

తలల లెక్క కాగితం వెనక్కి తిప్పి, నా అరుగు మీద పెట్టి, నిలబడే వంగి రాశాడు. మోకాళ్ళు వంగక ఇబ్బంది పడ్డాడు. కూర్చోమని నేను అనలేదు. రాసిందంతా చదివి, 'బంగారు నాణేలు నావి' అన్న చోట కింద గీత గీయించి, సంతకం పెట్టించుకున్నాను. పైనుంచి ఎవరో బస్సుకి టైమైందని అరుస్తున్నారు. ఆయన పక్కకి తిరిగి మెట్లెక్కడం మొదలుపెట్టాడు. నేను బస్సెక్కలేదు. గుమ్మానికి తాళం వేసి, నడిచి ఇంటికెళ్ళాను.

మా అమ్మాయి అడిగిన మొదటి మాట, "రాసిచ్చాడా?" కాగితం చేతికిచ్చాను. రెండుసార్లు చదివింది.

"తాతయ్యా?" అంది.

"ఆయనే."

"మనల్ని మనమే తిట్టించుకున్నామా? ఎందుకు?"

"నాకోసం."

ఏడుస్తుందనుకున్నాను, లేకపోతే నవ్వుతుందనుకున్నాను. కాగితం మడిచి నా చేతిలో పెట్టి, "అయితే రిజిస్టర్లో ఉండనీలే" అంది.

ఆఫీసరు శుక్రవారం చెక్కడం ఆపించాడు. రాయి దండగవడం ఎందుకని దాన్ని వెనక్కి తిప్పి, రెండో వైపు 'దారి లేదు' అని చెక్కించి, మెట్ల పైన నిలబెట్టాడు. వచ్చే నెల మొదటి తారీఖు నుంచి గుమ్మం మూసేస్తారట. నన్ను టికెట్ల కిటికీకి మారుస్తారట. ఇటుకలు అప్పుడే వచ్చి పడ్డాయి.

గొడుగాయన్ని క్షమించానేమో అనుకోకండి. ఆ రోజు ఆయన మోకాళ్ళ మీద కలగని జాలి ఇప్పుడూ కలగలేదు. సాయంత్రం ఐదింటికి మెట్ల పైన ఎర్ర రిబ్బను కనబడుతుంది. గుంపుని 'దారి లేదు' పక్క నుంచి అటు తిప్పుకుని పోతాడు. ఒక్కరూ కిందికి తొంగిచూడరు. నేను కోరుకున్నది అదే. బకెట్టు నిండా నీళ్ళు పట్టుకుని కూర్చుంటాను. కొట్టడానికి చోటు లేదు.

శనివారం నుంచి తాళాలకి గుడ్డ చుట్టడం మానేశాను. మొదటి రోజు వీధి మొదట్లోనే పాలాయన ఆగిపోయి చూశాడు. పక్కింటావిడ కిటికీ తీసి, పొద్దున్నే ఏమిటా గోల అంది. లోపల్నుంచి మా అమ్మాయి నిద్రమత్తులో కేకేసింది.

"ఏంటమ్మా ఆ చప్పుడు?"

"మన తాళాలే," అన్నాను. "ఇంకా పద్దెనిమిది రోజులు మోగుతాయి."